ఇరవై నాలుగు అలల చక్రం

శనివారం పొద్దున లేవగానే ఇస్రాయేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి. రెండు జొన్నరొట్టెలు తినాలి. ముందుగదిలో కిటికీ పక్కనున్న మిషనుకు రెండు చుక్కల నూనె వేయాలి. సాయంత్రం నాలుగింటికి హైదరాబాదు నుంచి సుదర్శన్ గారు వచ్చేదాకా ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా కూర్చోవాలి. ఇందులో స్నానం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఇస్రాయేలు గద్వాలలో ముప్పై ఐదేళ్ళు లేత్ మిషను మీద పనిచేసినవాడు. మోటారు షాఫ్టులు, బోరింగు పంపుల సామాన్లు, ట్రాక్టరు బుష్షులు, ఆయన చేతిలో పడి నునుపు తేలనిది లేదు. పని మానేశాక ఇక అరుగు మీద కూర్చుంటాడని ఊరంతా అనుకుంది. ఆయన మాత్రం పాత కుట్టుమిషను చక్రం, ఇనుప సామాన్లవాడి దగ్గర ఏరుకొచ్చిన ఇరుసు, సొంతంగా చేసుకున్న సీలలు అన్నీ కలిపి మూడేళ్ళ కింద ఒక మిషను తయారు చేశాడు. చేతి గడియారాల డయళ్ళ మీద సన్నటి అలల గీతలు చెక్కే మిషను అది. గద్వాలలో అలాంటిది ఇంకొకటి లేదు. ఒకటి ఉండాలని కూడా ఎవరూ అనుకోలేదు.

ఆ మిషను చేసే పని చెప్పడానికి తేలిక, చేయడానికి చావు. పిడి తిప్పుతుంటే డయలు రేకు గుండ్రంగా తిరుగుతుంది. దాని వెనకాల అరచేయంత ఇత్తడి చక్రం ఒకటి ఉంటుంది, దాని అంచంతా అలలు. ఆ అలలకు తగ్గట్టు రేకు కూడా మెల్లగా ఊగుతుంది. ఎదురుగా కదలకుండా ఉన్న ఉలిమొన రేకు మీద వెంట్రుకంత గీత గీస్తుంది. ఒక చుట్టుకు ఒక గీత. ఉలిని రవ్వంత జరిపి మళ్ళీ ఒక చుట్టు. ఇట్లా నూట ఇరవై గీతలు పడ్డాక ఆ రేకును వెలుతురులో పట్టుకుంటే జూరాల నీళ్ళ మీద గాలి పోయినట్టు ఉంటుంది. మధ్యలో చెయ్యి ఆగినా, దగ్గినా, ఎవరికైనా జవాబు చెప్పినా మచ్చ పడుతుంది. అప్పుడు ఆ రేకు చిల్లర సామాన్ల డబ్బాలోకే.

అందుకని ఇస్రాయేలు గది తలుపుకు ఒక పలక వేలాడదీశాడు. దాని మీద సుద్దతో "గీత నడుస్తున్నది. పిలవొద్దు" అని రాశాడు. నోటితో లెక్కపెడితే ఊపిరికి చెయ్యి అదురుతుందని తలతో లెక్కపెట్టేవాడు. ఒక చుట్టు పూర్తయితే తల ఒకసారి కిందికి, మళ్ళీ పైకి.

ఈ తలే ఆయన కొంప ముంచింది. ఆయన భార్య ఎస్తేరమ్మ పలక మీద రాసింది తు.చ. తప్పకుండా పాటించేది. పిలిచేది కాదు. వంటింటి గడపలో కూర్చుని రొట్టెల పిండి కలుపుతూ, ఆయన గీతల వంక చూస్తూ, మెల్లగా ఏదో ఒకటి అడిగేది అంతే. ఆయన తల ఊపేవాడు. ఎస్తేరమ్మ పని కానిచ్చేది. ఈ మూడేళ్ళలో ఇస్రాయేలు సైకిలు ఆమె తమ్ముడికి పోయింది, ముందు గోడకు పచ్చ రంగు పడింది, పెరట్లోకి ఒక మేక వచ్చింది. వీటన్నిటికీ ఆయన తల ఊపినవాడే.

పోయిన వారం ఆమె అడిగింది మాత్రం మేకలాంటిది కాదు. ఇంతవరకూ కొంటామని వచ్చిన ఇద్దరు ముగ్గురూ డయళ్ళు చూసి బాగున్నాయని చెప్పి, చాయ తాగి వెళ్ళిపోయారు. ఎస్తేరమ్మకు మిరపకాయలు పట్టే కారం గిర్ని పెట్టాలని ఎప్పటినుంచో ఉంది. వీధిలోకి తలుపున్న గది మిషనున్నదొక్కటే. "శనారం వచ్చే ఆయన గూడ ఒట్టిగనే పోతే గీ అర్రల కారం గిర్ని పెడ్త. సరేనా?" అంది. అప్పుడు ఇస్రాయేలు యాభై మూడో గీతలో ఉన్నాడు. తల ఊపాడు.

ఆ సాయంత్రం విషయం తెలిసి లబోదిబోమన్నాడు. తాను ఊపింది లెక్క కోసమని, ఒప్పుకున్నట్టు కాదని మొత్తుకున్నాడు. ఎస్తేరమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే చెప్పింది. "పాస్టరు ముందర గూడ నోరు తెర్వకుంట తలకాయే ఊపినవు. గప్పుడు పెండ్లి అయిందా లేదా?"

అయింది. నలభై ఏళ్ళయింది.

కాబట్టి ఈ శనివారం సుదర్శన్ గారి మీదే అంతా ఆధారపడి ఉంది. ఆయన హైదరాబాదులో చిన్న ఎత్తున చేతి గడియారాలు తయారు చేయిస్తాడు. ఫోన్లో డయలు ఫోటో చూసి ముచ్చటపడ్డాడు కానీ, అచ్చు గుద్దిన రేకులు చూపించి చేత్తో చెక్కామని చెప్పేవాళ్ళతో విసిగిపోయి ఉన్నాడు. తన కళ్ళముందు ఒక డయలు చెక్కి చూపిస్తేనే తీసుకుంటానన్నాడు. పొద్దున్నే మల్దకల్ స్వామిని దర్శించుకుని, అక్కడ చుట్టాలింట్లో భోజనం చేసి, నాలుగింటికి వస్తానన్నాడు. ఆయన తీసుకుంటే గది మిగులుతుంది. తీసుకోకపోతే మిషను అటక మీదికి, కారం గిర్ని గదిలోకి.

ఇస్రాయేలు నూనెసీసా పట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళాడు. ఇరుసు మీద చక్రం లేదు.

గోడ మేకుకు చూశాడు, బల్ల కింద చూశాడు, చొక్కా జేబులో కూడా చూశాడు. ఆ చక్రాన్ని ఆకురాయితో అరగదీసి చేయడానికి రెండు నెలలు పట్టింది. అంతకుముందు ఇంకో రెండు నెలలు పెట్టి ఒకటి చేస్తే, లెక్క తప్పి ఇరవై మూడు అలలే వచ్చాయి. గడియారానికి పన్నెండు గంటలు, గంటకు రెండేసి అలలు, ఇరవై నాలుగు ఉండాల్సిందే. ఒక్కటి తగ్గితే ఏ అంకె కిందికీ అల సరిగ్గా రాదు. దాన్ని మూలకు విసిరేసి, రెండు రోజులు అన్నం సయించక, మూడో రోజు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి చేసిన చక్రం ఇది.

"ఎస్తేరా, చక్రమేది?" అని కేకేశాడు.

ఎస్తేరమ్మ పెరట్లో ఉంది. చుట్టం వస్తున్నాడని ఇంట్లో ఉన్న ఇత్తడి సామాన్లన్నీ ముందరేసుకుని చింతపండుతో తోముతోంది. అక్కడి నుంచే బదులిచ్చింది. "చక్రమా? లక్ష్మీదేవమ్మకిచ్చిన గదా, గరిజెలు చేస్తదంటే. నిన్ను అడిగే ఇచ్చిన."

ఆ తర్వాత ఆమె ఇంకో మాట కూడా అంది. అది గేటు దాకా వినిపించింది. ఇస్రాయేలు అప్పటికే గేటు దాటేశాడు.

పక్కింటి లక్ష్మీదేవమ్మ వాకిట్లో కందులు ఆరబోస్తోంది. చక్రం మాట ఎత్తగానే ఆమె ముఖం విచ్చుకుంది. కొబ్బరి, చక్కెర పెట్టి మడిచిన గరిజెకు అంచు కోయడానికి ఇంత మంచి సాధనం తన జన్మలో చూడలేదని చెప్పింది. నడిమి బెజ్జంలో బోల్టు దూర్చి ఒక్కసారి దొర్లిస్తే చాలు, పట్టుచీర అంచులాగా వస్తుందట. అంత బాగుందని వనపర్తిలో ఉన్న కూతురు శ్రీవాణికి బుధవారమే పంపించిందట.

"వనపర్తికా?" అన్నాడు ఇస్రాయేలు.

"ఏం పరేషాన్ గాకు అన్నా. బిడ్డ భద్రంగనే పెడ్తది."

శ్రీవాణికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఇస్రాయేలు గడియారం చూసుకున్నాడు. ఎనిమిది. వనపర్తికి గంటన్నర, తిరిగి రావడానికి ఇంకో గంటన్నర. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండొచ్చు. రొట్టెలు తినకుండానే బస్టాండుకు నడిచాడు. ఎస్తేరమ్మకు చెప్పి రావాలని తోచలేదు. చెబితే నవ్వుతుందని తోచింది.

బస్సు ఎర్రవల్లి చౌరస్తా దాటేసరికి జేబులో ఫోను అదిరింది. పని ఉన్న రోజు ఆయన ఫోను మోగదు, అదురుతుంది అంతే. తీసి చూస్తే ఎస్తేరమ్మ. ఏ గోడకు గిర్ని ఆనించాలో అడగడానికే చేసి ఉంటుందని ఆయనకు గట్టిగా అనిపించింది. మళ్ళీ జేబులో పెట్టేశాడు. బీచుపల్లి వంతెన మీద ఇంకోసారి అదిరింది. పెబ్బేరులో రెండుసార్లు.

వనపర్తిలో శ్రీవాణి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆయన బస్సులో ఉండగా వాళ్ళమ్మ ఫోను చేసి చెప్పిందట. మామా అంటూ కుర్చీ వేసింది, చాయ పెట్టింది. చాయ సగం తాగాక అసలు సంగతి చెప్పింది. ఆమె మామగారి అన్న హన్మంతు నాగర్‌కర్నూల్లో ఉంటాడు. రేపు ఆదివారం ఆయన కూతురికి ఒడిబియ్యం పోస్తున్నారు. ఐదొందల గరిజెలు కావాలి. అందుకని నిన్న సాయంత్రమే చక్రం అక్కడికి వెళ్ళిపోయింది.

ఇస్రాయేలు ముఖంలో రంగు మారడం చూసి ఆ పిల్ల భయపడింది. "గంత విలువైందా మామా?" అని అడిగింది.

ఇక్కడ ఇస్రాయేలు ఒక పొరపాటు చేశాడు. ఇత్తడిదేలే బిడ్డా అని ఉంటే కథ అక్కడితో కొంచెం సర్దుకునేది. కానీ మూడేళ్ళుగా ఆయన పనిని గురించి ఎవరూ అట్లా అడగలేదు. కడుపు నిండిపోయినట్టయింది. "దానికి విలువ కట్టలేరు బిడ్డా" అన్నాడు, చాయ గ్లాసు కింద పెడుతూ.

ఆయన వీధి మలుపు తిరగకముందే శ్రీవాణి నాగర్‌కర్నూలుకు ఫోను చేసింది.

గంటంపావు తర్వాత ఇస్రాయేలు నాగర్‌కర్నూల్లో ఆటో దిగేసరికి హన్మంతు ఇల్లు చూడముచ్చటగా లేదు. వాకిట్లో పొయ్యి మీది నూనె బాండలి కిందికి దించేసి ఉంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు మడిచిన గరిజెలు ముందు పెట్టుకుని, అంచు కోసే సాధనం లేక, చేతులు మడుచుకుని కూర్చున్నారు. హన్మంతు భార్య ఎంకమ్మ కొంగుతో విసురుకుంటూ ఎదురొచ్చి, చక్రం ఇంట్లో లేదని చెప్పింది. శ్రీవాణి ఫోను రాగానే దాన్ని పిండిలోంచి తీసి, కడిగి, పట్టు రుమాలులో చుట్టారట. విలువ కట్టలేనిదంటే సంస్థానం కాలం నాటి బంగారమే అయి ఉంటుందని హన్మంతు తేల్చాడట. ఇట్లాంటి సొమ్ము ఇంట్లో ఉండి రేపు ఏమైనా అయితే మాట పడాల్సి వస్తుందని, ముందే కంసాలికి చూపించి నిర్ధారణ చేసుకోవడానికి పట్టుకెళ్ళాడట.

కాసేపటికి హన్మంతు వచ్చాడు. పొడుగ్గా, తెల్లటి ధోవతిలో, పంచాయితీలు తీర్చిన మనిషిలాగా నడుస్తాడు. పట్టు రుమాలు గుండెకు ఆనించుకుని ఉన్నాడు. ముఖం మాత్రం వాడిపోయి ఉంది. కంసాలి గీటురాయి మీద రెండుసార్లు గీసి చూసి, వట్టి ఇత్తడని చెప్పాడట.

"ఇత్తడే. నేను జేసిందే గదా" అన్నాడు ఇస్రాయేలు ఆయాసం తీర్చుకుంటూ.

హన్మంతు రుమాలు ఆయన చేతిలో పెట్టాడు. "ఇత్తడికి ఎవడన్న గద్వాల నుంచి ఉరికొస్తడా అన్నా? నువ్వు పెద్దమనిషివి, మమ్ముల బదనాం చెయ్యద్దని గట్లంటున్నవు. నాకు తెల్వదా?" అన్నాడు. అసలు చక్రం బంగారందని, తన దాకా రాకముందే ఎవరో మార్చేశారని ఆయన నమ్మకం. గద్వాల నుంచి వనపర్తికి వచ్చింది, వనపర్తి నుంచి ఇక్కడికి వచ్చింది. మధ్యలో ఉన్నది తమ్ముడి ఇల్లు. ఆ మాట పైకి అనలేదు కానీ వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది.

ఇస్రాయేలుకు ఇదంతా ఎక్కలేదు. చక్రం దొరికింది, పన్నెండున్నర బస్సుకు ఎక్కితే నాలుగింటికి ఇల్లు చేరొచ్చు, ఆయన ఆలోచనంతా అదే. రుమాలు విప్పి చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ బొటనవేలితో అంచు తడుముతూ అలలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు. ఎక్కడో తప్పాననుకుని, తల ఊపుతూ మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

"గిది గాదు" అన్నాడు.

అంతే. వాకిలి లేచింది. నేను చెప్పలేదా అని హన్మంతు ధోవతి పైకి దోపాడు. తమ్ముడికి ఫోను కలిపి, మంది సొమ్ము మీద కన్నేసే వంశం మనది కాదని మొదలుపెట్టాడు. అటు వైపు తమ్ముడు, ఒడిబియ్యానికి పిలిచి దొంగను చేస్తావా, రేపు మా ఇంటి నుంచి పిట్ట కూడా రాదు పో అన్నాడు. ఫోనులో శ్రీవాణి ఏడుపు వినిపించింది. ఎంకమ్మ తల పట్టుకుని గరిజెల పక్కనే కూలబడింది. ఇస్రాయేలు ఇద్దరి మధ్యా నిలబడి, ఇది నాదే కానీ ఇది కాదు, ఇంకోటి ఉంది, అది కూడా నాదే అని చెప్పబోయాడు. ఆయన చెప్పేకొద్దీ ఇంకో చక్రం ఉందన్న సంగతి ఖాయమవుతూ వచ్చింది.

అప్పుడు జేబులో ఫోను పన్నెండోసారి అదిరింది. అక్కడ నిలబడడం కంటే గిర్ని సంగతి వినడమే నయమనిపించి ఎత్తాడు. తొందరలో ఎక్కడ నొక్కాడో ఏమో, ఎస్తేరమ్మ గొంతు వాకిలంతా వినిపించింది.

"యాడున్నవయ్యా?"

"నాగర్‌కర్నూల్ల."

హన్మంతు కూడా మాట ఆపి వినసాగాడు.

"మిషను చక్రం నా చేతిలనే ఉంది" అంది ఎస్తేరమ్మ మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "నల్లగైంది, చుట్టం వస్తుండు, తోమాల్నా అని మంగళారం అడిగితే తలకాయ ఊపితివి. మూలకు పడేసిన ఇరవై మూడు దాన్నే లక్ష్మీదేవమ్మకిచ్చిన. దానికి గూడ నువ్వే తలకాయ ఊపితివి. పొద్దుగాల గదే చెప్పబోతుంటే చెప్పులు గూడ సక్కగ తొడుక్కోకుంట ఉరికితివి."

ఇస్రాయేలు కాళ్ళ వంక చూసుకున్నాడు. నిజమే, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎస్తేరమ్మది.

"ఇంకోటి, ఆయనొచ్చి కూసున్నడు. దర్శనం జల్ది అయిందంట."

"ఆపు. నేనొచ్చిందాంక ఆపు."

"మూడు గంటలు ఎట్లాపాలె? నీ లెక్క తలకాయ ఊపుకుంట కూసోవాల్నా?" అంటుండగా ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

హన్మంతు దగ్గరికి వచ్చి, "అంటే అన్నా, రెండిట్కీ తలకాయ ఊపింది నువ్వేనా?" అని అడిగాడు.

ఇస్రాయేలు తల ఊపబోయి ఆగి, "అవును" అని నోటితోనే చెప్పాడు.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. హన్మంతు తమ్ముడికి మళ్ళీ ఫోను చేసి, బంగారమూ లేదు దొంగతనమూ లేదు, రేపు పొద్దున్నే రాకపోతే ఊరుకోనన్నాడు. ఆడవాళ్ళు ఇరవై మూడు అలల చక్రాన్ని ఇస్రాయేలు చేతిలోంచి లాక్కుని పిండిలోకి దించారు. అప్పటికే వేయించి ఉన్న గరిజెలు ఒక సంచి నిండా పోసి ఎంకమ్మ ఆయన చేతిలో పెట్టింది. హన్మంతు మోటారుసైకిలు మీద బస్టాండులో దించి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. మంచివాళ్ళే.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఇస్రాయేలుకు ఏడుపొచ్చినంత పనైంది. సుదర్శన్ గారు ఎంతసేపని ఉంటాడు. వెళ్ళిపోయి ఉంటాడు. ఎస్తేరమ్మ ఆయన్ను ఆపాల్సిన పని కూడా లేదు. ఊరికే చాయ ఇచ్చి, మా ఆయన లేడని చెబితే చాలు, గది ఆమెదే. న్యాయంగా గెలిచినట్టే. ఈ మూడేళ్ళూ ఆమె ఏం చెప్పబోయినా పలక చూపించాడు. ఇవాళ పొద్దున ఆమె రెండో మాట విని ఉంటే ఈ సంచీ మోసుకుంటూ ఈ బస్సులో ఉండేవాడు కాదు. తప్పు తనదేనని బీచుపల్లి దగ్గర ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక కొంచెం ఆకలేసింది. ఒక గరిజె తిన్నాడు.

నాలుగున్నరకు వీధి మలుపు తిరిగితే ఇంటి ముందు కారు ఇంకా ఉంది. ఇస్రాయేలు పరుగులాంటి నడకతో గుమ్మం చేరి లోపలికి అడుగు పెట్టబోయాడు. తలుపుకు పలక వేలాడుతోంది. గీత నడుస్తున్నది. పిలవొద్దు.

లోపలి నుంచి రేకు మీద ఉలి నడిచే సన్నటి చప్పుడు. ముక్కాలిపీట మీద ఒక తెల్లజుట్టాయన ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. సుదర్శన్ గారే. ఆయన తల తిప్పి, ఇస్రాయేలు వంక చూసి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. తన ఇంట్లో, తన గది ముందు, తన పలక కింద ఇస్రాయేలు నోరు మూసుకుని నిలబడ్డాడు.

మిషను ముందు ఎస్తేరమ్మ కూర్చుని ఉంది. కొంగు నడుములో దోపుకుంది. చింతపండుతో తోమిన చక్రం తళతళలాడుతూ ఇరుసు మీద తిరుగుతోంది. ఆమె కుడిచెయ్యి పిడి తిప్పుతోంది, ఎడమచెయ్యి ఉలి మీద ఆనించి ఉంది. ఒక చుట్టు పూర్తికాగానే ఆమె తల ఒకసారి కిందికి, మళ్ళీ పైకి.

కిటికీ బయట నిలబడ్డ లక్ష్మీదేవమ్మ ఆయన పక్కకు వచ్చి జరిగింది చెవిలో చెప్పింది. మూడింటిదాకా కూర్చున్న సుదర్శన్ గారు లేచి, చేతులు జోడించి, ఫోటోలు పంపేవాళ్ళు చాలామందే ఉంటారమ్మా అని చిన్నగా నవ్వాడట. ఆ నవ్వు ఎస్తేరమ్మకు పడలేదు. గిర్ని చేతికందిన మనిషి, గుమ్మానికి అడ్డంగా నిలబడిందట. "మా ఆయన తలకాయ ఊపితే నమ్మద్దు గని, నోట్లకెంచి ఒక మాటంటే అది అబద్ధం గాదు. కూసోండ్రి" అందట. ముందు పాత రేకు మీద పది గీతలు గీసి చూసుకుని, తర్వాత కొత్త రేకు బిగించిందట.

ఇస్రాయేలు ఆమె చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్ళు జొన్నరొట్టె కొట్టిన చెయ్యి. పెనం మీద రొట్టె ఎక్కడా మందం కాకుండా తిప్పిన చెయ్యి. తొంభయ్యో గీత దగ్గర ఆయన మణికట్టు ఎప్పుడూ కొంచెం అలిసేది, ఆమెది అలవలేదు. మూడేళ్ళు వంటింటి గడపలో కూర్చుని ఆమె చూసింది పిండిని కాదు, ఈ పనినే అని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది, అంతకు రెండింతలు గర్వమేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే లక్ష్మీదేవమ్మ చూడకుండా అటు తిరిగి తుడుచుకున్నాడు.

నూట ఇరవయ్యో గీత అయ్యాక ఎస్తేరమ్మ ఉలి వెనక్కి తీసి, అప్పుడు ఊపిరి వదిలింది. సుదర్శన్ గారు రేకును భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత బల్ల మీదున్న ఇస్రాయేలు పాత డయలు ఒకటి తీసి పక్కన పెట్టుకుని చూశాడు.

"ఏమీ అనుకోకండి ఇస్రాయేలు గారూ. మీది బాగుంది. అమ్మగారిది ఇంకా బాగుంది" అన్నాడు. ఇలాంటివి ఇంకో ఆరు కావాలన్నాడు. చెయ్యి మాత్రం ఇదే కావాలన్నాడు.

ఎంకమ్మ ఇచ్చిన గరిజెలు పళ్ళెంలో పెట్టారు. సుదర్శన్ గారు ఒకటి కొరకబోయి ఆగి, దాని అంచు వంక కూడా భూతద్దంతో చూసి, ఇంత చక్కగా కోసిందెవరని అడిగాడు.

"గదొక్కటి నాదే" అన్నాడు ఇస్రాయేలు.

కారు వెళ్ళిపోయాక ఇద్దరూ గడపలో కూర్చున్నారు. మాట ప్రకారం సుదర్శన్ గారు వట్టిగా వెళ్ళలేదు. గది మిగిలింది. పందెం ఇస్రాయేలే గెలిచాడు. ఎస్తేరమ్మ గిర్ని సంగతి తనంతట తానే ఎత్తి, అది యాడికి పోతదిలే, ముందు ఆ ఆరు కానియ్యి అంది. ఎవరు కానియ్యాలో మాత్రం చెప్పలేదు.

సోమవారం పొద్దున ముందుగది తలుపుకు పలక వేలాడుతోంది. ఇస్రాయేలు పెనం మీద మూడు మూలల జొన్నరొట్టె ఒకటి వేసి, పిండి చేతులతోనే వచ్చి గడపలో నిలబడ్డాడు. పిలవకూడదు కాబట్టి పిలవలేదు. మెల్లగా అడిగాడు.

"ఎస్తేరా, పొద్దుగూకినంక మిషను మీద నేను కూసుంట గదా?"

ఎస్తేరమ్మ రేకు మీద నుంచి చూపు తిప్పకుండా తల ఊపింది. ఇస్రాయేలు సంబరంగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

అది నలభై ఏడో గీత.